ఆ ఒక్క అడ్డగీత

జపాన్ లిపి హిరగానా గురించి ఎవరు చెప్పినా ఒక మాట తప్పకుండా అంటారు: చైనా అక్షరాలు రాని ఆడవాళ్ళ కోసం పుట్టిన లిపి అని. అది విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

చైనా లిపిలో 'ఒకటి' అంటే ఒక అడ్డగీత. అంతే. చిన్నపిల్లలు కూడా గీసేస్తారు. వెయ్యేళ్ళ క్రితం 54 అధ్యాయాల గెంజి కథ రాసిన జపాన్ రచయిత్రి మురసాకి షికిబు, తన డైరీలో ఏం రాసుకుందో తెలుసా? ఆ అడ్డగీత కూడా రాయకుండా జాగ్రత్తపడేదట!

రాక కాదండీ. చిన్నప్పుడు తండ్రి తమెతోకి కొడుక్కి చైనా గ్రంథాలు చెబుతుంటే, పక్కన కూర్చుని విన్న ఈ పిల్లకే ముందు వచ్చేసేవి. ఇది మగపిల్లాడై పుట్టలేదే అని ఆయన బాధపడేవాడు. ఈ ముక్క చదివితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మరి ఎందుకు దాచింది? ఇచిజో చక్రవర్తి గెంజి కథ చదివించుకుని విని, ఈవిడ మన చరిత్ర గ్రంథాలు చదివి ఉంటుంది అన్నాడు. ఆ గ్రంథాలు ఉండేది చైనా భాషలో. అంతే, ఆ పొగడ్త పట్టుకుని అంతఃపురంలో ఒకావిడ ఎగతాళి పేరు పెట్టి అందరికీ చాటింది. ఇంక అడ్డగీత గీయాలంటే భయం వేయదా?

తను కొలువు చేసే మహారాణి షోషికి కూడా చైనా కవి బై జుయి కవితలు ఎవరూ లేనప్పుడు చాటుగానే చెప్పింది. అంటే పాఠం చెప్పే ఆవిడా, నేర్చుకునే రాణీ, ఇద్దరూ ఆ అడ్డగీతను దాచుకున్నారన్నమాట.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. హిరగానాను 'ఆడవాళ్ళ రాత' అనేవాళ్ళు, నిజమే. కానీ జపాన్ భాషలో కవిత రాయాలంటే మగవాళ్ళకీ అదే దిక్కు. కి నో త్సురయుకి అనే పేరున్న కవి 935 ప్రాంతంలో తన ప్రయాణాల డైరీని ఏకంగా ఒక ఆడమనిషి చెబుతున్నట్టు హిరగానాలో రాశాడు.

ఇంకొకావిడ సేయ్ షోనగోన్, ఇచిజో చక్రవర్తి మరో రాణి తేషి కొలువులోని రచయిత్రి. ఈవిడ దాచే రకం కాదు. ఒక మంచు రోజు ఆ తేషి, చైనాలోని ఫలానా శిఖరం మీద మంచు ఎలా ఉంది అని అడిగితే, మాట్లాడకుండా కిటికీ తెర పైకెత్తింది. తెర ఎత్తి ఆ శిఖరం మీది మంచు చూడటం, అదీ బై జుయి కవితలోదే. రాణి నవ్వింది.

అన్నట్టు, మురసాకి తన డైరీలో ఈ షోనగోన్ మీద మండిపడింది. చైనా అక్షరాలు తెగ రాసేస్తుంది, తీరా చూస్తే బోలెడు లోపాలు అని. అడ్డగీత కూడా రానట్టు ఉన్న మనిషికి ఆ లోపాలు ఎలా కనబడ్డాయి మరి?