మంత్రం ఎండిపోవడానికీ ఓ లెక్క ఉంటుంది

అందరికీ నమస్కారం. ఫాంటసీ రాసేవాళ్లు తరచూ చేసే పొరపాటుతోనే మొదలుపెడతాను. "ఒకప్పుడు లోకమంతా మంత్రశక్తి ఉండేది, కాలం మారింది, పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎటు పోయింది? ఎవరు వాడేశారు? నల్లగొండలో కూర్చుని ఈ ప్రశ్న అడగకపోతే ఎట్లా? చెరువు ఎందుకు ఎండిందో మన దిక్కు గొర్లకాపరి కూడా చెప్తాడు.

మీ లోకంలోని శక్తిని చెరువనుకోండి. వచ్చే వరద ఎంత, నిలవ ఎంత, తూము ఎక్కడ, దాన్ని తెరిచే నీరటి ఎవరు? ఇవి ముందు రాసుకోవాలి. నిలవ 100 పాళ్లు, ఏటా వచ్చి చేరేది 30 అనుకుందాం. ఊళ్లో పన్నెండు మంది వైద్యులు తలా 2 వాడితే 24. మిగిలిన 6 మత్తడి దుంకుతుంది. అంతవరకు ఢోకా లేదు. ఇప్పుడు రాజు కోట కాపలాకని ఏటా 40 లాగడం మొదలుపెట్టాడు. ఏడాదికి 34 లోటు. మొదటి ఏడు చివర 66, రెండో ఏడు 32, మూడో ఏడు నిండకముందే అడుగు తేలుతుంది. మీ కథకు గడువు దొరికింది.

అయితే దీపం ఆర్పినట్టు రాయకండి. పాత తూముల్లో రంధ్రాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నీరు దిగేకొద్దీ ముందు పై రంధ్రం ఎండుతుంది, అట్టడుగుది చివరిదాకా కారుతూనే ఉంటుంది. కాబట్టి ముందు పోయేది కొండను కదిలించే మంత్రం. తేలు విషం దించే ముసలమ్మ మంత్రం ఇంకొన్నాళ్లు పనిచేస్తుంది. ఆస్థాన మాంత్రికుడు ఆమె గడప ముందు చేతులు కట్టుకుని నిలబడే ఘట్టం ఇక్కడే పుడుతుంది.

చెరువెండినాక బోర్లు. ఒకరు 300 అడుగులు వేస్తే పక్కవాడు 500 వేస్తాడు. నీరటితో పని లేదు, వంతుల్లేవు. లోతు శక్తికి మూల్యం ఏమిటంటే, చాలామంది మాంత్రికుడి ముక్కులోంచి రక్తం కారుస్తారు. అరిగిపోయిన ఎత్తు అది. మన లోతు బోర్ల నీళ్లలో వచ్చే ఫ్లోరైడ్‌ను చూడండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటినా నీళ్ల రంగు మారదు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బోరు వేసింది తండ్రి, మరకలు తేలేది పాలపళ్లు ఊడి కొత్త పళ్లొచ్చిన బిడ్డ నోట్లో. ఎముకలు వంగడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. మీ నిషిద్ధ మంత్రానికి ఇంత ఆలస్యంగా, ఇంకొకరి మీద పడే మూల్యం పెట్టండి.

మరి విద్య నిలిచేదెట్లా? మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల నాటిదంటారు. దాని అసలు మొదలేదో ఇప్పుడు గుర్తుపట్టలేం. ఊడలే కాండాలై చెట్టును మోస్తున్నాయి. శిష్యులు గురువు కొమ్మకు వేలాడుతున్నంతకాలం ఆ విద్య ఒక్క గొడ్డలి దెబ్బకు పోయేదే. ప్రతి ఊడా తన మట్టి తాను వెతుక్కోవాలి. అయినా ఆ మర్రికి చెదలు తప్పలేదు. 2018లో సెలైన్ సీసాల్లో పలచన చేసిన పురుగుమందు నింపి, కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. సీసా ఖాళీ అయితే మార్చడానికి ఒక మనిషి కావాలి. మీ నవలలో ఆ మనిషి ఎవరో, జీతం ఎవరిస్తారో రాసుకోండి.