ప్లేటు అంచున నాలుగు చుక్కలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, పెద్దలు మన్నించాలి.

మందు పూసిన క్యాథెటర్లను, అంటే ఒంట్లోకి వేసే సన్నటి గొట్టాలను, ల్యాబ్‌లో ఎలా పరీక్షించాలో చెప్పమన్నారు. స్లైడ్లు తెచ్చాను. కానీ ముందు ఒక ప్లేటు సంగతి చెప్పాలి, ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు.

మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసిన గొట్టం, సెంట్రల్ లైన్. పేషెంటుకు చలిజ్వరం. లైన్ తీసి, చివరి 5 సెంటీమీటర్ల ముక్క మాకు పంపారు. బ్యాక్టీరియాను పెంచే బ్లడ్ అగార్ ప్లేటు మీద దాన్ని అటూ ఇటూ దొర్లించాను. 1977లో డాక్టర్ డెన్నిస్ మాకీ చెప్పిన పద్ధతే, మీ చేతులకూ అలవాటైందే. 15 కాలనీలు, అంటే బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు, ఆపైన వస్తే లెక్కలోకి తీసుకుంటాం. మర్నాడు చూస్తే ముక్క దొర్లిన దారంతా అద్దంలా ఉంది. ప్లేటు అంచున మాత్రం నాలుగు తెల్లటి చుక్కలు. గాలిలోంచి పడ్డవేలే అనుకుని 'గ్రోత్ లేదు' అని సంతకం పెట్టేశాను. సాయంత్రం పేషెంటు రక్తం పెట్టిన బ్లడ్ కల్చర్ బాటిల్ పాజిటివ్ అయింది. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా. నా కాగితాన్ని నమ్మి డాక్టర్లు రెండు రోజులు ఊపిరితిత్తుల్లో, మూత్రంలో వెతికారు.

ఆ లైన్‌కు క్లోర్‌హెక్సిడిన్, సిల్వర్ సల్ఫాడయజిన్ పూత ఉందట. ఫారంలో ఎవరూ రాయలేదు. నేనూ అడగలేదు, అదీ చెప్పాలి. ముక్క దొర్లుతుంటే మందు అగార్‌లోకి దిగింది. ఒంట్లో నిక్షేపంగా ఉన్న బ్యాక్టీరియా నా ప్లేటు మీదికొచ్చి ఆగిపోయింది. మందు అందని అంచున నాలుగు మిగిలాయి.

విరుగుడు ఉందండీ. క్లోర్‌హెక్సిడిన్‌కు లెసిథిన్, ట్వీన్ 80, వెండికి సోడియం థయోగ్లైకొలేట్ మీడియంలో, అంటే అగార్‌లో కలపాలి. ఆ విరుగుడే బ్యాక్టీరియాను దెబ్బతీయడం లేదని విడిగా చూసుకోవాలి. దొర్లిస్తే తెలిసేది పైభాగమే, గొట్టం లోపలిది తెలియాలంటే సోనికేషన్, అంటే శబ్దతరంగాలతో కదిలించి బ్యాక్టీరియాను ఊడదీయడం, చేయాలి. అది మూడో స్లైడ్, వదిలేస్తున్నాను.

కంపెనీ వాళ్లు చూపించే వలయం ఫొటోలకు మురిసిపోకండి. కొత్త ముక్క చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం వచ్చిందంటే మందు బయటికొస్తోందని, అంతే. వారం రోజులు రక్తంలో నానిన ముక్క సంగతేంటి? కొద్ది రోజులకు వేసే మూత్రపు గొట్టాల మీద బ్రిటన్‌లో ఏడు వేల మందికి పైగా పేషెంట్లతో ట్రయల్ చేశారు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. వెండి పూతతో ఇన్ఫెక్షన్ తగ్గినట్టు తేలలేదు.

వెనక వరసలో టెక్నీషియన్లు, మీకే చెబుతున్నాను. రేపు డ్యూటీకి వెళ్లగానే ఫారంలో ఒక గడి పెట్టించండి: 'పూత ఉందా? ఏ మందు?' ఖాళీగా వస్తే వార్డుకు ఫోన్ చేయండి. విసుక్కుంటారు, పర్లేదు.

బెల్ కొట్టారు. స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. ఫారం నమూనా కాపీలు నా సంచిలో ఉన్నాయి, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.