గాలి తెచ్చిన మట్టి, బండ్లు తవ్విన డొంక

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, బెంగళూరులో మా అక్క వాళ్లింట్లో కూర్చుని రికార్డు చేస్తున్నాం. కింద వీధిలో కూరగాయల బండి కేక మీకూ వినపడొచ్చు. పోయిన మే నెలలో అక్క ఆఫీసు పని మీద జర్మనీలోని ఫ్రైబుర్గ్ వెళ్లింది. అక్కడ సెలవు రోజున ఇంట్లోవాళ్ల గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. రెండు వైపులా నిట్టనిలువు మట్టి గోడలు, మధ్యలో సన్నటి బాట, పైన కొమ్మలు కలిసిపోయి గొడుగులా ఉన్నాయి. చూడగానే నాకు మనూరి డొంక అనిపించింది.

అక్క: నీకే కాదురా, అమ్మకీ అంతే. ఫోన్ చేసి "ఊరికి ఎప్పుడెళ్లావే, నాకు చెప్పనే లేదు" అంది.

తమ్ముడు: డొంక అంటే తెలియని వాళ్లుంటారు, కాస్త చెప్పు.

అక్క: మా ఒంగోలు వైపు పొలాలకు బండ్లు పోయే దారిని డొంక అంటాం. చేల కంటే పల్లంలో ఉంటుంది. అటూ ఇటూ గట్లు, గట్ల మీద తుమ్మచెట్లు, జెముడు. వానాకాలంలో అదే వాగైపోతుంది. మా చిన్నప్పుడు తాతయ్య డొంకలో నడిచొస్తుంటే చేలో ఉన్నవాళ్లకు తలపాగా కూడా కనపడేది కాదు, దగ్గు వినపడేది.

తమ్ముడు: అవును, ఆ దగ్గు విని చెట్టు దిగేవాళ్లం. సరే, నువ్వు నడిచింది ఎక్కడ?

అక్క: కైజర్‌ష్టూల్ అని, రైన్ నది మైదానంలో విడిగా లేచిన కొండల గుంపు. అన్నిటికంటే పెద్ద శిఖరం 557 మీటర్లే. కోటిన్నర ఏళ్లకు ముందు అది అగ్నిపర్వతం, ఇప్పుడు వాలంతా ద్రాక్షతోటలు. ఫ్రైబుర్గ్ నుంచి బ్రైజాఖ్ వెళ్లే లోకల్ రైలెక్కి ఈరింగెన్‌లో దిగాను. అక్కడి నుంచి తోటల మధ్యగా బికెన్‌జోల్ అనే చిన్న ఊరికి నడిచాను. ఆ ఊరి చుట్టూ ఇలాంటి డొంకలు ఉన్నాయి. వాళ్లు హోల్‌గాసె అంటారు, లోపలికి తవ్వుకుపోయిన సందు అని.

తమ్ముడు: బాగా ఎక్కాలా?

అక్క: అస్సలు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను కూడా నెమ్మదిగా నడిపించుకు పోవచ్చు. తోటల్లో ఎండ మాడుతోంది. డొంకలోకి నాలుగడుగులు దిగానో లేదో, బావిలో మెట్లు దిగినట్టు చల్లబడింది. ట్రాక్టర్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. అది ఆగలేదు, గోడలు నాకు వినపడనివ్వలేదు. పైనున్న చెట్ల వేళ్లు గోడలోంచి బయటికొచ్చి వేలాడుతున్నాయి. రాయేమో అనుకుని చెయ్యి పెట్టాను. గోటితో గీస్తే పిండి రాలింది! లేత పసుపు రంగు, వేళ్ల మధ్య రుద్దితే బియ్యప్పిండి కంటే మెత్తన. నా రెండు పక్కలా ఉన్నది ఆ పిండేరా. కొన్నిచోట్ల పది మీటర్లు దాటి నిలబడి ఉంది. మూడంతస్తుల మేడంత. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. రోజూ మట్టితో పనిచేసేవాడివి, ఇది ఎందుకు పడిపోవట్లేదో చెప్తావని.

తమ్ముడు: నాకు మాత్రం ఫొటో చూడగానే భయమేసింది. మూడేళ్ల కింద ఇక్కడే ఒక సైట్‌లో ఎనిమిదడుగుల గుంత తీయించాం. రాత్రి వాన పడింది. పొద్దున మేము చూస్తుండగానే ఒక పక్క మొత్తం పెళ్లలుగా విరిగి పడింది. లోపల దిగాల్సిన ఇద్దరూ టీ కోసం ఆగారు కాబట్టి బతికారు. ఇప్పటికీ గుంతలు తీసే రోజు నాకు టెన్షనే. అందుకే ఈ మట్టి గురించి కూర్చుని చదివాను. దీన్ని లోయెస్ అంటారు. 1820లలో లెయొన్‌హార్ట్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త శాస్త్రంలోకి తెచ్చిన పేరు. అక్కడి రైతుల మాటలో వదులైన మట్టి అని అర్థం.

అక్క: వదులు అని పేరు పెట్టి, గోడలా నిలబడ్డం ఏంట్రా?

తమ్ముడు: అది తెలియాలంటే ముందు ఆ మట్టి ఎలా వచ్చిందో తెలియాలి. నీళ్లు తెచ్చింది కాదు, గాలి తెచ్చింది. మంచుయుగంలో ఆల్ప్స్ మీద హిమానీనదాలు రాళ్లను నూరి పిండి చేశాయి. వేసవిలో ఆ పిండిని రైన్ నది మోసుకొచ్చి వెడల్పాటి గులకరాళ్ల మేటల మీద పరిచేది. చలికాలం నది తగ్గేది, మేటలు ఎండేవి. చెట్టూ చేమా లేవు, గాలికి అడ్డు లేదు. ఆ దుమ్మంతా లేచి కైజర్‌ష్టూల్ వాలు మీద పడింది. వేల ఏళ్లు అలా పడుతూనే ఉంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. నదిలో ఎక్కువ దూరం దొర్లితే నునుపైపోయేవి, ఇవి పదునైన అంచులతోనే ఉన్నాయి. అందుకే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైగా ఆ మట్టిలో సున్నం ఉంది. అది రేణువుల మధ్య సన్నటి అతుకు.

అక్క: సున్నం గట్టిపడి గడ్డలు కూడా కట్టిందక్కడ. గోడలోంచి తెల్లగా పొడుచుకొచ్చాయి, అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. వాళ్లు వాటిని లోయెస్ పిల్లలు అంటారు, మట్టి బొమ్మల్లా ఉంటాయని. చిన్న చిన్న నత్తగుల్లలు కూడా చూశాను.

తమ్ముడు: మంచుయుగం నాటి నేల నత్తలవి. సముద్రం కాదు, నేలే అని అవే సాక్ష్యం. ఇంకొకటి, ఏళ్ల తరబడి గడ్డి మొలిచి చచ్చిపోతే వేళ్లున్న చోట నిలువుగా సన్నటి గొట్టాలు మిగిలాయి. వాన నీరు వాటి వెంట నేరుగా కిందికి దిగిపోతుంది, గోడ ఆరిపోతుంది. మామూలుగా మేం గుంత పక్కలు ఏటవాలుగా చెక్కుతాం. లోయెస్‌ను అలా చెక్కితే చెడుతుంది. వాలు మీద వాన నేరుగా కొట్టి కోసుకుపోతుంది. నిలువు గోడ మీద వాన నిలవదు. కానీ అడుగున నీళ్లు చేరి నానిందా, అతుకు కరిగిపోయి పైనున్నదంతా కూలుతుంది.

అక్క: అందుకేనా డొంక మధ్యలో కొత్తగా పడిన కుప్ప కనిపించింది! ఒక చెట్టు వేళ్లతో సహా జారి ఉంది. నేను గోడకు దూరంగా మధ్యలోనే నడిచాను.

తమ్ముడు: మంచి పని చేశావు. వాన పడ్డ మర్నాడు అసలు వెళ్లకూడదు. తడి లోయెస్ సబ్బులా జారుతుంది కూడా.

అక్క: నాకు అన్నిటికంటే నచ్చింది చెప్తాను. ఆ దారిని ఎవరూ తవ్వలేదు. ఎద్దుల గిట్టలు, బండి చక్రాలు గాళ్లు చేశాయి. అతుకు విరిగి మట్టి దుమ్మయింది. వాన ఆ దుమ్మును వాలు వెంట ఊరివైపు కడిగేసింది. మళ్లీ బండ్లు, మళ్లీ వాన. వందల ఏళ్లు అలా దిగిపోయింది. తోటకు ఎరువు తోలినవాళ్లు, పళ్లు తెచ్చుకున్నవాళ్లు, వాళ్లకు తెలియకుండానే తవ్వారు. మన డొంక కూడా అంతే కదరా. మనూరిది ఎర్ర నేల, గట్టు మనిషెత్తు దాటగానే జారిపోయేది. అక్కడ మట్టి నిలబడింది కాబట్టి లోతుకు పోయింది, అంతే తేడా.

తమ్ముడు: వైజాగ్, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు చాలామంది చూసుంటారు. అక్కడా ఎర్ర గోడల మధ్య నడుస్తాం. కానీ అది ఒకప్పటి తీరం ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబడింది. ఆ సందులు వాన కోసినవే. మన దేశంలో అసలు లోయెస్ కావాలంటే కశ్మీర్ లోయలో కరేవాలు అనే మెట్ట నేలల మీద చూడాలి, కుంకుమపువ్వు పండే నేల.

అక్క: ఇంక పిట్టల గురించి చెప్పనీ. గోడ పైభాగంలో పిడికిలంత బొరియలు. ఇక్కడ కరెంటు తీగల మీద కూర్చుని తేనెటీగల్ని పట్టే ఆకుపచ్చ పిట్ట ఉంటుంది కదా, దాని చుట్టం అక్కడ ఉంది. గొంతు పసుపు, పొట్ట నీలం, వీపు ఇటుక రంగు. ఆఫ్రికా నుంచి మే నెలలో వస్తుంది. ముక్కుతో మట్టి తవ్వి, మీటరు దాటిన సొరంగం చివర గుడ్లు పెడుతుంది. గట్టి మట్టిలో తవ్వలేదు, ఇసుకలో తవ్వితే కూలుతుంది. దానికి ఈ గోడే కావాలి. చిన్న బొరియలు అడవి తేనెటీగలవి. ఆ బొరియల కింద అరగంట నిలబడిపోయాను.

తమ్ముడు: మనుషులు కూడా తవ్వుకున్నారక్కా. చైనాలో పసుపు నది పసుపుగా ఉండేది ఈ మట్టి వల్లే. అక్కడ లోయెస్ వందల మీటర్ల మందం. అందులో గుహల్లాంటి ఇళ్లు తొలుచుకుని కోట్ల మంది బతికారు, ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన. 1556లో అక్కడి షాన్షీ భూకంపంలో ఆ ఇళ్లే కూలాయి. 8,30,000 మంది పోయారని లెక్క రాసి ఉంది. అది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్క: ...

తమ్ముడు: బికెన్‌జోల్‌లో డొంకలన్నీ అలాగే ఉన్నాయా?

అక్క: లేవు. 1960లు, 70లలో తోటల్లో యంత్రాలు తిరగాలని కొండవాలును పెద్ద పెద్ద మెట్లుగా మలిచారు. ఆ పనిలో చాలా డొంకలు పూడిపోయాయి. దూరం నుంచి చూస్తే ఆ మెట్లు అందంగానే ఉంటాయి, కానీ నాకు మన డొంకే కళ్లలో మెదిలింది. మట్టి తోలి పైన సిమెంటు వేశారు కదా.

తమ్ముడు: వేయకపోతే ఎలా అక్కా? వానాకాలంలో మోకాటి లోతు బురద. పురుడొస్తే మంచం మీద మోసుకెళ్లేవాళ్లు. నాన్నే పంచాయతీ చుట్టూ తిరిగి ఆ రోడ్డు వేయించాడు.

అక్క: తెలుసురా. నాన్న చేసింది తప్పని ఎప్పుడూ అనను. కానీ ఒక్క ఫొటో కూడా తీసుకోలేదే మనం! తాతయ్య నడిచిన దారి లోతెంతో ఇప్పుడు కొలవడానికి కూడా లేదు.

తమ్ముడు: చెరువు వైపు ఒక ఫర్లాంగు మిగిలి ఉంది. ఆ పక్క చేలు బీడు పడ్డాయి కాబట్టి ఎవరూ పూడ్చలేదు. బాబాయి మొన్న ఫోన్‌లో చెప్పాడు.

అక్క: నిజంగా? నాకెందుకు చెప్పలేదు?

తమ్ముడు: ఇప్పుడు చెప్తున్నాగా. సంక్రాంతికి వెళ్తున్నాం. టేపు నేను తెస్తాను, గట్టు ఎత్తు కొలుద్దాం. జెముడు కొట్టుకుంటూ దిగాలి, చెప్పులు కాదు, బూట్లు వేసుకో.

అక్క: మైకు కూడా పెట్టు. లోపల చప్పుడు ఎలా మారుతుందో వినాలి. అమ్మను గట్టు మీద నిలబెట్టి, నువ్వు కింద తాతయ్యలా దగ్గు.