డబ్బా ఓనరుకు చూపేది డ్రైవరుకూ చూపాలి

(హనుమకొండలో లారీ ఓనర్లు, డ్రైవర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఓనర్లనూ డ్రైవర్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టిన నిర్వాహకులకు ధన్యవాదాలు. నేను చెప్పే విషయం ఇద్దరూ ఒకేసారి వినాల్సింది. వేర్వేరుగా వింటే ఒకరి మీద ఒకరికి అనుమానం పెరుగుతుంది, పని మాత్రం జరగదు.

లారీల్లో బిగించే ట్రాకింగ్ డబ్బా గురించి మాట్లాడతాను. బస్సులు, ట్యాక్సీల వంటి ప్రయాణికుల బండ్లకు ట్రాకరు, ఎమర్జెన్సీ బటన్ ఉండాలని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. కొత్త బండ్లకు అది 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. సరుకు లారీల సంగతి వేరు. లోడ్ ఇచ్చే కంపెనీ అడిగిందనో, డీజిల్ మీద అనుమానంతోనో ఓనర్లే పెట్టించుకున్నది ఎక్కువ. మొదలే అనుమానంతో అయింది కాబట్టి డ్రైవరుకు ఆ డబ్బా అంటే టెన్షన్. దీన్ని మార్చాలన్నదే నా ఆరాటం.

ముందు డబ్బా ఏం చేస్తుందో చూద్దాం. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని బండి ఎక్కడుందో లెక్క కడుతుంది. లోపలున్న సిమ్ ద్వారా ఆ వివరం సర్వరుకు పంపుతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా తెలియడానికి ఇగ్నిషన్ నుంచి ఒక వైరు వస్తుంది. కుదుపు, గట్టి బ్రేకు పసిగట్టే చిన్న సెన్సరు కూడా ఉంటుంది. అది చెప్పేది ఇంతవరకే. ఎందుకు ఆగింది, ఎందుకు బ్రేకు కొట్టాడు అన్నది దానికి తెలియదు. ఆ సంగతి డ్రైవరే చెప్పాలి.

ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలోకి లారీ పోయిందనుకోండి. అక్కడ చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. స్క్రీన్ మీద చుక్క ఒకే చోట ఆగిపోతుంది. నిజానికి బండి నడుస్తూనే ఉంటుంది, డబ్బా వివరాలు దాచుకుంటూనే ఉంటుంది. సిగ్నల్ దొరకగానే అన్నీ ఒక్కసారి పంపేస్తుంది. ఈ సంగతి తెలియని ఓనరు ఫోన్ మీద ఫోన్ కొడతాడు. టవర్ అందగానే ఆ ఫోన్లన్నీ స్టీరింగ్ పట్టుకున్న మనిషి మీద పడతాయి. రాత్రిపూట, అడవి రోడ్డు, ఎదురుగా ఇసుక లారీలు! ఓనర్లను చేతులెత్తి అడుగుతున్నాను: చుక్క ఆగితే ముందు చివరి అప్‌డేట్ ఎన్ని గంటలకు వచ్చిందో చూడండి. టైమ్ కూడా ఆగిపోతే అది సిగ్నల్ లేకపోవడం కావచ్చు. టైమ్ మారుతూ చుక్క కదలకపోతే అప్పుడు బండి నిజంగా ఆగినట్టు.

డీజిల్ దగ్గరే గొడవలు ఎక్కువ, అందుకే దాని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. ట్యాంకులో నిలువుగా దిగే రాడ్ డీజిల్ మట్టాన్ని కొలుస్తుంది, లీటర్లను కొలవదు. లీటర్ల లెక్క ఎక్కడిదంటే, బిగించేటప్పుడు ఖాళీ ట్యాంకులో కొద్దికొద్దిగా డీజిల్ పోస్తూ ప్రతి మట్టం దగ్గరా రీడింగ్ రాసుకుంటారు, అక్కడిది. ఆ పనికి టైమ్ పడుతుంది కాబట్టి కొందరు టెక్నీషియన్లు వేరే లారీ లెక్కనే ఇందులో ఎక్కించి పోతారు. అప్పుడు మొదటి రోజు నుంచీ తప్పు లెక్కే వస్తుంది. లెక్క సరిగా చేసినా, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుతున్నప్పుడు ట్యాంకులో డీజిల్ ఒక పక్కకు జారుతుంది, రాడ్ దగ్గర మట్టం పడిపోతుంది. అలర్ట్ మోగుతుంది. సమంగా ఉన్న రోడ్డు మీదికి రాగానే స్క్రీన్ మీది డీజిల్ గీత మళ్లీ లేస్తుంది. నిజంగా డీజిల్ తీసి ఉంటే, సాధారణంగా బండి ఆగి ఉన్నప్పుడు గీత పడుతుంది, పడ్డది లేవదు. ఈ తేడా గ్రాఫ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అది చూడకుండా ఒక్క మెసేజ్ పట్టుకుని బత్తాలో కోత పెట్టడం అన్యాయం. దొంగ అన్న మాట పడ్డ మనిషి మళ్లీ ఆ బండిని తన బండిలా చూసుకోడు.

గట్టి బ్రేకు అలర్టులూ అంతే. వరి కోతలప్పుడు మన ఊళ్లలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, సగం రోడ్డే మిగులుతుంది. రాత్రి లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ ఎదురైతే డ్రైవరు ఏం చేయాలి? ఆ బ్రేకు కొట్టినందుకే ఒక కుటుంబం నిలబడి ఉండొచ్చు, రిపోర్టులో మాత్రం అతనికి మార్కులు తగ్గుతాయి. ఒకే డ్రైవరు అన్ని రోడ్ల మీదా బ్రేకులు కొడుతుంటే అతనితో మాట్లాడండి. పది లారీలు ఒకే మలుపు దగ్గర బ్రేకు కొడుతుంటే ఆ మలుపులో ఏదో ఉంది. ఒక్కో ఓనరుకు రెండు మూడు బండ్లే ఉండే మన దగ్గర ఈ సంగతి ఎవరి స్క్రీన్ మీదా విడిగా కనపడదు. అసోసియేషన్ ఈ వివరాలన్నీ కలిపి, ఆ చోట్ల జాబితా పోలీసులకు, రోడ్డు ఇంజినీర్లకు ఇస్తే ఈ డబ్బాతో జిల్లాకు జరిగే అతి పెద్ద మేలు అదే అవుతుంది.

డ్రైవరుకు నేరుగా పనికొచ్చేవి చెబుతాను. మిర్చి సీజన్లో ఏనుమాముల మార్కెట్ దగ్గర బండ్లు గంటల తరబడి నిలబడతాయి. మార్కెట్ చుట్టూ మ్యాప్‌లో ఒక గీత గీసి పెడితే, లారీ ఎన్నింటికి లోపలికి వచ్చింది, ఎన్నింటికి బయటికి పోయింది నిమిషాలతో సహా రికార్డవుతుంది. బండి ఆపి ఉంచినందుకు ఇచ్చే హాల్టింగ్ చార్జీ అడిగేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే గుమాస్తాతో వాదన అక్కర్లేదు. వచ్చిన హాల్టింగ్‌లో డ్రైవరు వాటా డ్రైవరుకు ఇవ్వాలి, ఆ గంటలు ఎండలో కూర్చున్నది అతనే కదా. మామూలు సరుకుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఒక రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన చెల్లుతుంది. దారిలో బండి చెడిపోతే గడువుకు 8 గంటల ముందు నుంచి, గడువు దాటిన 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఎక్కడ, ఎప్పుడు ఆగిపోయిందన్నదానికి డబ్బా రికార్డు సాక్ష్యం.

బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో ఇంజిన్ కంప్యూటర్ నుంచే వివరాలు తీసుకునే డబ్బాలున్నాయి. పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం అయిపోయినా, నాణ్యత లేనిది పోసినా ఇంజిన్ శక్తి తగ్గిపోతుంది, లోడ్ మీద ఎత్తు ఎక్కదు. ఇంజిన్ కంప్యూటర్ చూపే ఆ లోపం కోడ్ ముందే ఆటోనగర్ మెకానిక్ ఫోన్‌కు చేరితే, బండి వచ్చేసరికి సామాను సిద్ధంగా పెట్టుకుంటాడు.

ఇక పని గంటలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025లో కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చేదాకా, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనేది. వరుసగా 5 గంటలు నడిపితే అర గంటైనా విశ్రాంతి ఇవ్వాలనేది. ఆ చట్టం పెద్ద సంస్థలకేనని కొందరు అనేవారు. నిద్రకు ఆ తేడా తెలియదు. స్టీరింగ్ మీద ఎన్ని గంటలైందో డబ్బా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. స్పీడు పెరిగితే మెసేజ్ పెట్టుకున్న ఓనరు, 5 గంటలు దాటితే కూడా పెట్టుకోవాలి. ఆ మెసేజ్ వస్తే ఫోన్ చేసి, ‘బండి పక్కన పెట్టి పడుకో తమ్మీ, లోడ్ సంగతి నేను చూసుకుంటా’ అనాలి.

ఆర్టీసీ గమ్యం యాప్ 2023లో వచ్చింది. బస్సు ఎక్కడుందో రోడ్డు మీద నిలబడ్డ ప్రయాణికుడికి కూడా కనిపిస్తుంది. మన లారీల్లో మాత్రం ఆ బండి నడిపే మనిషికే స్క్రీన్ లేదు. ఈసారి రీచార్జ్ చేసేటప్పుడు మీ కంపెనీని మూడు అడగండి: డ్రైవరుకు సొంత లాగిన్, తెలుగులో వాయిస్ అలర్టు, డ్రైవరు ముందే ట్యాంకు లెక్క కట్టడం. ఏ అలర్టు మీదైనా డ్రైవరు తన కారణం చెప్పాకే జీతం మాట ఎత్తుతామని ఓనర్లు ఇవాళే ఒప్పుకుంటే, ఆ కాగితం రాయడానికి నేను ఇక్కడే కూర్చుంటాను. రాడ్, డబ్బా రెండూ టేబుల్ మీద ఉన్నాయి. డ్రైవరన్నలు ముందుగా వచ్చి చూడండి.