కుట్టు వచ్చు, లెక్కే కుదరడం లేదు: వేషాలు కుట్టేవాళ్ళతో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. స్కూల్లో ఫ్యాన్సీ డ్రస్ పోటీకి కృష్ణుడి వేషం, నాట్యం నేర్చుకునే పిల్లలకు ఆహార్యం, ఊళ్ళో నాటకానికి కిరీటాలు... ఇవన్నీ సరదాగా ఇంట్లోనే తయారు చేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ సరదా నాలుగు రూపాయలు తెచ్చిపెట్టాలంటే ఏం చేయాలన్నది ఈ రోజు అంశం. విజయవాడలో ఎన్నో ఏళ్ళుగా డ్రస్సులు కుట్టి అద్దెకిస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (తెనాలి): నమస్తే మేడమ్. మా పాప ఎల్‌కేజీలో ఉన్నప్పుడు గోపిక డ్రస్ కుట్టాను. అది చూసి మా వీధిలో వాళ్ళంతా అడగడం మొదలుపెట్టారు. కృష్ణాష్టమి వస్తోందంటే నాకు నిద్ర ఉండదు. కానీ చేతిలో ఏమీ మిగలట్లేదు మేడమ్. "గుడ్డ డబ్బులు ఇచ్చేస్తాలే వదినా" అంటారు, నోరు తెరిచి అడగలేను.

అతిథి: సరేనమ్మా, కృష్ణుడి డ్రస్ ఒకదానికి ఎంతవుతోందో చెప్పండి.

కాలర్: పసుపు ఆర్ట్ సిల్కు, బోర్డరు, లైనింగు కలిపి మూడొందలు. కిరీటానికి ఫోమ్ షీటు, కుందన్లు, నెమలీక ఇంకో వంద. వాళ్ళు ఐదొందలు ఇస్తారు.

అతిథి: ఎంతసేపు పడుతుంది?

కాలర్: ఐదు గంటలు ఈజీగా. బజారుకు వెళ్ళొచ్చేది కాక.

అతిథి: అంటే వంద రూపాయలకు ఒక పూటంతా కూర్చున్నారు. అందులోనే ఆటో, కరెంటు, గ్లూ గన్‌లో పోసే కడ్డీలు. అదే వదినగారు బయట టైలరుకు లైనింగు జాకెట్టుకి ఎంత ఇస్తుందో కనుక్కోండి. సామాను 400. మీ పనికి గంటకు 80 వేసుకున్నా ఇంకో 400. పై ఖర్చులు ఒక వంద. తొమ్మిదొందలు పడిందమ్మా ఆ డ్రస్సు.

కాలర్: తొమ్మిదొందలంటే ఎవరు కొంటారు మేడమ్? షాపులో రెడీమేడ్ ఐదొందలకే దొరుకుతుంది.

అతిథి: నిజమే, ఎవరూ కొనరు. అందుకే అమ్మకండి. ఆ డ్రస్సు మీ దగ్గరే ఉంచుకుని 250కి అద్దెకివ్వండి. పిల్లాడు దాన్ని వేసుకునేది ఒక్క రోజు, వచ్చే ఏడాదికి పొట్టయిపోతుంది. కొనాలంటే వెనకాడే తల్లి అద్దెకైతే బేరమాడకుండా తీసుకుంటుంది. నాలుగుసార్లు తిరిగితే మీ డబ్బు మీకొచ్చేస్తుంది. నడుముకు ఎలాస్టిక్, భుజాల దగ్గర వెల్‌క్రో, లోపల రెండు అంగుళాల మార్జిన్ వదిలితే ఒకే డ్రస్ మూడేళ్ళ పిల్లాడి నుంచి ఐదేళ్ళ పిల్లాడి దాకా సరిపోతుంది.

యాంకర్: మరి కృష్ణుడు అందరికీ ఒకే రోజున కావాలి కదండీ?

అతిథి: అసలు సంగతి అక్కడే ఉంది. ఇరవై మంది కృష్ణులకు కుట్టి పెట్టుకుంటే ఆ వారం ఇల్లంతా జనం, మిగతా ఏడాదంతా బీరువా నిండా పసుపు పంచెలు. అద్దె వ్యాపారంలో చూసుకోవాల్సింది డ్రస్ ఎంత బాగుందని కాదు, ఏడాదికి ఎన్నిసార్లు బయటకు వెళ్తుందని. స్కూళ్ళ యాన్యువల్ డేలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడుస్తాయి, ఒక్కో స్కూలుది ఒక్కో తేదీ. కోలాటానికో, లంబాడీ డాన్సుకో, థింసాకో పన్నెండు డ్రస్సుల సెట్ ఒకటి చేసుకున్నారనుకోండి, అదే సెట్ ఆ మూడు నెలల్లో ఊరంతా తిరుగుతుంది. భరతమాత, ఝాన్సీ లక్ష్మీబాయి అయితే ఆగస్టు 15కీ, జనవరి 26కీ రెండుసార్లు వెళ్తారు. రాముడికి చేసిన విల్లే అల్లూరికి పనికొస్తుంది. కాషాయం పంచె కట్టి గడ్డం తగిలిస్తే చాలు. అలా కలిసొచ్చేవి ముందు కుట్టండి.

కాలర్: స్కూలు వాళ్ళని ఎలా అడగాలి మేడమ్?

అతిథి: ప్రిన్సిపాల్ గది దగ్గర కూర్చోకండి. డాన్స్ మాస్టర్ని పట్టుకోండి, అదీ అక్టోబరు లోపే. పాట ఖాయం చేసేది ఆయనే, డ్రస్సులు ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పేదీ ఆయనే. కమీషన్ అడుగుతాడు, అడగకపోతే ఆశ్చర్యం. అది ముందే ధరలో వేసుకోండి. ఇక వదినగారితో మొహమాటమైతే, గుమ్మం పక్కన రేట్ల కాగితం ఒకటి అంటించండి. నోటితో చెప్పలేనిది అదే చెబుతుంది.

యాంకర్: (నవ్వుతూ) తర్వాతి కాల్ హనుమకొండ నుంచి.

కాలర్ (హనుమకొండ): మేడమ్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. ఫోమ్‌తోని సూపర్ హీరోల కవచాలు, హెల్మెట్లు చేస్తాను. కామిక్స్, సూపర్ హీరోల అభిమానులంతా వేషాలేసుకుని కలిసే హైదరాబాద్ కామిక్ కాన్‌కి రెండుసార్లు వేసుకుని పోయిన. అందరూ ఫొటోలు దిగుతారు, కానీ ఎవరూ కొనరు.

అతిథి: అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది నీలాగే సొంతంగా చేసుకునేవాళ్ళే బాబూ. వంటవాళ్ళకు కూర అమ్మినట్టుంటుంది. పైగా ఆ పాత్రల పేర్లు, గుర్తులు కంపెనీల సొత్తు. నీకోసం చేసుకుని వేసుకోవడం వేరు, వాటి పేరు పెట్టి ఆన్‌లైన్లో అమ్మడం వేరు. పేజీ తీసేస్తారు, ఇంకా ముందుకు వెళితే నోటీసు కూడా రావచ్చు.

కాలర్: మరి ఈ పని దండగేనా మేడమ్? ఇంట్లో అట్లనే అంటున్నరు.

అతిథి: దండగ ఎందుకవుతుంది? ఫోమ్‌ను వేడి చేసి వంచడం, అతుకు కనపడకుండా రంగు వేయడం వచ్చిన చేతికి మన పురాణాల్లో ఎంత పని ఉందో చూడు. హనుమంతుడి గద, రావణుడి పది తలలు, దుర్యోధనుడి కిరీటం. వీటి మీద ఏ కంపెనీకీ హక్కు లేదు. పెద్ద రావణుడి తలకట్టు అట్టతో చేస్తే ఒక ప్రదర్శనకే నలిగిపోతుంది, రేకుతో చేస్తే పిల్లాడి మెడ నొప్పి. ఫోమ్‌తో చేస్తే తేలిగ్గా ఉంటుంది, నలగదు. అలాంటివి మూడు చేసి ఫొటోలు తీసి, డ్రస్సులు అద్దెకిచ్చే షాపులకు చూపించు. బట్ట కుట్టేవాళ్ళు దొరుకుతారు కానీ ఇలాంటి సామాను చేసేవాళ్ళు మాకు తక్కువ. సంగీత్ ఫంక్షన్లు చేసే ఈవెంట్ వాళ్ళనూ కలువు, వాళ్ళు నాలాగా బేరాలాడరు.

యాంకర్: కర్నూలు నుంచి కాల్. హలో... టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్ (కర్నూలు): యూట్యూబ్‌లో కిరీటాలు చేయడం చూపిస్తున్నానండీ. దాని మీద డబ్బులు వస్తాయా?

అతిథి: ప్రకటనల్లో పూర్తి వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. అది వచ్చాక కూడా మొదట్లో చిల్లరే. కానీ ఆ వీడియో చూసి, "మాకు ఓపిక లేదు, మీరే చేసివ్వండి" అని అడిగేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళే మీ కస్టమర్లు. ఊరి పేరు, ఆర్డర్లు తీసుకునే వాట్సాప్ నంబరు వీడియో కింద పెట్టండి. అది చాలు.

యాంకర్: నెల్లూరు నుంచి ఎవరో లైన్లో ఉన్నారు.

కాలర్ (నెల్లూరు): మేడమ్, నేను నాట్యం నేర్చుకున్నాను, కూచిపూడి డ్రస్సులు బాగానే కుడతాను. మా గురువుగారి ద్వారా డాలస్ నుంచి ఒక అమ్మాయి రంగప్రవేశానికి ఆర్డర్ వచ్చింది. మనిషిని చూడకుండా కొలతలు ఎలా తీసుకోవాలో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

అతిథి: మంచి ఆర్డరమ్మా, వదులుకోకండి. మొదట ఆది జాకెట్టు తెప్పించుకోండి. ఆ అమ్మాయికి ఇప్పుడు సరిగ్గా పట్టే జాకెట్టు. డాలస్ నుంచి మన వైపు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వాళ్ళ సూట్‌కేసులో దానికి చోటు దొరుకుతుంది. తర్వాత వీడియో కాల్. అమ్మాయిని నిలబెట్టి ఒకసారి, అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కిందకు దిగే భంగిమలో ఒకసారి కొలవమని తల్లికి చెప్పండి.

కాలర్: అరమండిలో కొలవడం దేనికి మేడమ్? నేనెప్పుడూ నిలబెట్టే కొలుస్తాను.

అతిథి: ఎదురుగా మనిషి ఉంటే ట్రయల్‌లో సర్దేస్తారు, అందుకే ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు. అరమండిలోకి దిగితే నడుము కిందకొస్తుంది కదా, దానికి వేలాడే కుచ్చిళ్ళ ఫ్యానూ కిందకే వస్తుంది. నిలబెట్టి చీలమండ దాకా కొలిచారంటే, దిగినప్పుడు అంచు నేలకి తగిలి కాలికింద పడుతుంది. పైజమాకి సరిగ్గా తిరగేసి జరుగుతుంది. మోకాలు వంగేసరికి అంచు పైకి లాక్కుపోయి పిక్కలు కనపడతాయి. అందుకని ఫ్యాను పొడవు నడుము నుంచి అరమండిలో తీసుకోండి, పైజమా పొడవు వంగిన మోకాలి మీదుగా తీసుకోండి. తొడల మధ్య చోట ఒక నాలుగు పలకల ముక్క అదనంగా వేసి రెండు కుట్లు వేయండి. స్టేజి మీద ఏదైనా పిగిలిందంటే అక్కడే పిగులుతుంది. చంక కింద కూడా అంతే.

కాలర్: చీర వాళ్ళే ధర్మవరం పట్టు కొని పంపుతామంటున్నారు.

అతిథి: కత్తెర పెట్టేముందు సగం డబ్బు ఖాతాలో పడాలి. కోసిన పట్టుచీర ఇంకెవరికీ పనికిరాదు, మాట తేడా వస్తే నష్టం మీదే. నగలు కూడా అడుగుతారు. టెంపుల్ జ్యువెలరీకి తమిళనాడులో నాగర్‌కోయిల్‌లోని వడసేరి పెట్టింది పేరు. తెప్పించి మీ మార్జిన్ వేసుకుని సెట్‌గా ఇవ్వండి, కానీ నగల బిల్లు వేరుగా చూపించండి. ఇక పంపడం: ఫ్యాను మడతలు ఒక్కొక్కటీ సర్ది, వదులు కుట్టుతో పై నుంచి కింద దాకా పట్టి, పాత కాటన్ గుడ్డలో చుట్టండి. మడతబెట్టారో, అక్కడ విప్పేసరికి చెత్త కాగితంలా ఉంటుంది. ఆ కుట్టు వేసుకునే రోజు తీయమని చీటీ రాసి పెట్టండి.

యాంకర్: కొరియర్లో పంపితే అమెరికాలో పన్ను పడుతుందంటున్నారు?

అతిథి: 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు అక్కడ సుంకం మినహాయింపు ఉండేది, దాన్ని 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. అందుకని సుంకం ఎవరు కడతారో ఆర్డర్ తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో రాసుకోండి. డ్రస్ వెళ్ళాక ఆ మాట ఎత్తితే మనస్పర్థలు. జీఎస్టీ సంగతి కూడా చెప్పాలి. మన ఆంధ్రలో సరుకు అమ్మకాలు మాత్రమే చేస్తే ఏడాదికి 40 లక్షలు, అద్దె లాంటి సేవలు కూడా ఉంటే మొత్తం కలిపి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో సరుకులకు కూడా 20 లక్షలే. కానీ వేరే రాష్ట్రానికో, దేశానికో సరుకు పంపి అమ్మితే రూల్సు వేరు. ఒక్కసారి ఆడిటర్ దగ్గరికి వెళ్ళి అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

యాంకర్: అమలాపురం నుంచి పెద్దాయన చాలాసేపటి నుంచి ఆగారు. చెప్పండి బాబాయ్ గారూ.

కాలర్ (అమలాపురం): అమ్మా, నేను రిటైరైన మాస్టర్ని. కుర్రతనంలో నాటకాలు వేసేవాణ్ణి. ఇప్పుడు కాలక్షేపానికి కిరీటాలు, భుజకీర్తులు చేస్తుంటాను. కృష్ణుడివి, భీముడివి... గది నిండిపోయింది. మా ఆవిడ పారేస్తానంటోంది.

అతిథి: పారేయనివ్వకండి బాబాయ్ గారూ! దేంతో చేస్తారు?

కాలర్: అట్ట మీద గుడ్డ అంటించి, జరీ, అద్దాలు. పాత పద్ధతే.

అతిథి: శివరాత్రికి, శ్రీరామనవమికి మీ వైపు ఊళ్ళల్లో పద్య నాటకాలు ఇప్పటికీ పడుతున్నాయి. ఆ కళాకారులకు కావాల్సింది మీకు తెలిసినట్టు కుట్టు టైలరుకి తెలియదు. పద్యం అందుకుని తల పైకెత్తితే కిరీటం వెనక్కి జారకూడదు. కూచిపూడి భాగవతులు వెనకటి రోజుల్లో నగలు తేలిక చెక్కతో చేయించుకునేవారంటే, ఈ బరువు బాధ వల్లే. మీరు తలకట్టు లోపల మెత్తటి పట్టీ, వెనక బిగించుకునే నాడా పెడుతున్నారా?

కాలర్: పెట్టకపోతే ఎలాగమ్మా? దుర్యోధనుడు మీసం తిప్పుతుంటే కిరీటం ఊడితే జనం ఈలలేస్తారు.

అతిథి: అదే మీ ప్రత్యేకత. నాటక సమాజాల వాళ్ళకు నాటకానికి సరిపడా సెట్‌గా అద్దెకివ్వండి. ఊడిన అద్దాలు, నలిగిన భుజకీర్తులు బాగుచేసే పని కూడా పెట్టుకోండి. కొత్తవి కొనలేని సమాజాలు బాగుచేయించుకోవడానికి వస్తాయి. ఒక గది పిన్నిగారికి ఖాళీ చేసివ్వండి మరి!

యాంకర్: అనంతపురం నుంచి చివరి కాల్. కొంచెం క్లుప్తంగా అడగండమ్మా.

కాలర్ (అనంతపురం): నేను డ్వాక్రా సంఘంలో ఉన్నాను మేడమ్. పికో మిషను, జిగ్‌జాగ్ మిషను కొనాలి. లోన్ ఏమైనా వస్తుందా?

అతిథి: ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు చేసుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్లో, ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల దాకా ఇస్తారు, మిషన్లకు అది చాలు. చేతివృత్తుల వాళ్ళ కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15 వేలు, ఆ పైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు. కాకపోతే కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ముద్ర అప్పు తీరకుండా ఉంటే కుదరదు. అందుకని రెండింటిలో ఏది ముందో తేల్చుకుని బ్యాంకుకు వెళ్ళండి. ఒక్క మాట, ఆర్డర్లు లేకుండా మిషను కొనకండి. ఇప్పుడు పికో బయట వేయిస్తున్నారుగా, నెలకు ఎంత ఇస్తున్నారో మూడు నెలలు రాసి చూడండి. అది వాయిదా కంటే ఎక్కువ ఉంటే అప్పుడు కొనండి.

కాలర్: ఇంకొక్కటి మేడమ్. అద్దెకిచ్చిన డ్రస్ చింపి తెస్తే?

అతిథి: డ్రస్ ఖరీదులో సగం అడ్వాన్స్ పెట్టించుకోండి. ఇచ్చేటప్పుడు వాళ్ళ ముందే ఫోన్లో వీడియో తీయండి, తెచ్చినప్పుడు వాళ్ళ ముందే విప్పి చూడండి. కుట్టు పిగిలితే అది మన ఖర్చు. గుడ్డ చిరిగినా, మరక పడినా వాళ్ళది. ఐస్‌క్రీమ్ మరకలే ఎక్కువ వస్తాయి, అందుకే తెల్ల ఏంజెల్ గౌన్లు నేను కుట్టడం మానేశాను.

యాంకర్: సమయం అయిపోయింది మేడమ్, ధన్యవాదాలు. లైన్ దొరకనివాళ్ళు మీ ప్రశ్నలు రాసి పంపండి. తర్వాత వార్తలు.