పొట్టి రివాల్వర్ కొనేవాళ్లతో నాలుగు మాటలు

(ఆయుధ లైసెన్సుదారులకు, కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నవారికి రైఫిల్ క్లబ్‌లో జరిగిన శిక్షణ తరగతిలో, పోలీసు శాఖలో ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న క్లబ్ అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, మా డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన అధికారులకు, ఆదివారం పూట ఇంటి పనులు వదులుకుని ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువాలు, దండలు వద్దని అధ్యక్షుల వారిని ముందే బతిమాలుకున్నాను. ఒప్పుకున్నారు. ఆ పది నిమిషాలు కూడా నాకు కావాలి.

2016 ఆయుధ నిబంధనలు వచ్చాక, లైసెన్సు కావాలనుకునేవాళ్లు తుపాకీని జాగ్రత్తగా పట్టుకోవడం, మోయడం, పేల్చడం, శుభ్రం చేసుకోవడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ తేవాలి. మీలో చాలామంది ఆ కాగితం కోసమే వచ్చారు. తప్పేం లేదు. కాగితం సాయంత్రం ఎలాగూ ఇస్తారు. ఈలోపు నేను చెప్పేది మాత్రం చెవిన పెట్టండి. ఫోన్లు లోపల పెట్టండి బాబూ, దయచేసి.

మన దేశంలో మామూలు పౌరుడికి దొరికే రివాల్వర్ అంటే ఎక్కువగా పాయింట్ 32 బోరే. బోరంటే బ్యారల్ లోపలి వెడల్పు. పాయింట్ 38, 9 ఎంఎం లాంటివి నిషేధిత బోర్లు, వాటి జోలికి మనం వెళ్లం. పాయింట్ 32లో కాన్పూర్ ఫ్యాక్టరీ రివాల్వర్‌ది మూడంగుళాల బ్యారల్, ఆరు తూటాలు. మధ్యకు విరిచి తెరిచే రకం. పైనున్న లాచ్ నొక్కి బ్యారల్‌ని కిందికి వంచితే పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఆరూ ఒక్కసారే పైకి లేస్తాయి. 2014 జనవరిలో అక్కడి నుంచే నిర్భీక్ వచ్చింది. టైటానియం మిశ్రమంతో చేశారు, బరువు అర కిలోకి కాస్త అటూ ఇటూ, అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఆడవాళ్ల కోసమని గట్టిగా ప్రచారం చేశారు. 2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది. దాని సిలిండర్, అంటే తూటాలుండే తిరిగే భాగం, పక్కకి తెరుచుకుంటుంది. 50 మీటర్ల దాకా పని చేస్తుందని చెప్పారు.

ఏది కొనాలి సార్ అని టీ తాగేటప్పుడే నలుగురు అడిగారు. ఆ అడగడంలోనే నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. అందరూ బరువు అడుగుతారు, ధర అడుగుతారు, జేబులో పడుతుందా అని అడుగుతారు. దీంతో నేను గురి తప్పకుండా కొట్టగలనా అని ఒక్కరూ అడగరు.

చిన్న తుపాకీ కాబట్టి వాడటం సులువు అనుకుంటున్నారు. కాదండీ. తుపాకుల్లో కష్టమైంది ఇదే. ఎందుకో చెప్తాను, ఇది లెక్క.

రివాల్వర్‌లో తూటాని కొట్టే సుత్తిలాంటి హ్యామర్‌ని ముందుగా లేపకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే, ఆ లాగుడుకి ఐదు కిలోలకు అటూ ఇటూ బలం కావాలి. తుపాకీ బరువెంత? అర కిలో, మహా అయితే ముప్పావు కిలో. అంటే అర కిలో వస్తువును గాలిలో కదలకుండా పట్టుకుని, దాని మీదే ఐదు కిలోల బలం ఒక్క వేలితో వెయ్యాలి. బ్యారల్ ఊగకుండా ఎలా ఉంటుంది? ఇంక గురి. గురి చూసుకునే గుర్తులు రెండుంటాయి, బ్యారల్ కొసన ఫోర్‌సైట్, వెనక బ్యాక్‌సైట్. వాటి మధ్య దూరం పొట్టి రివాల్వర్‌లో ఇంచుమించు నాలుగంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, 10 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అదే సైట్ల మధ్య 20 సెంటీమీటర్లు ఉన్న పొడుగు పిస్టల్ అయితే ఐదు సెంటీమీటర్లే. ఒక్క మిల్లీమీటరు! పైగా తేలిక తుపాకీ చేతిలో ఎక్కువ తన్నుతుంది. మొదటి తూటాకే చెయ్యి బెదురుతుంది, రెండోదానికి ముందే కళ్లు మూసుకుంటారు. రేంజ్‌లో కొత్త కానిస్టేబుళ్ల దగ్గర ఎన్నిసార్లు చూశానో.

మూడో వరుసలో కూర్చున్న డాక్టరమ్మ గారూ, మీరు రాత్రి డ్యూటీలకు తిరుగుతారు, మీ కోసం ఇది ముఖ్యం. షాపుకి ఆడవాళ్లు వెళ్తే కౌంటర్ మీద ముందు పెట్టేది అన్నిటికంటే తేలికైన తుపాకీ. "మేడం, హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుంది" అంటారు. అలా అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది. చెయ్యి చిన్నదైతే తుపాకీ కొంచెం బరువుగా ఉండటమే మంచిది, తన్నుడు తగ్గుతుంది. పిడి మీ అరచేతికి నిండుగా ఉండాలి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి ఇబ్బంది లేకుండా చేరాలి. ఖాళీ తుపాకీలో డమ్మీ తూటాలు వేసి, గోడ మీద ఒక చుక్క చూస్తూ పదిసార్లు ట్రిగ్గర్ లాగండి. పదోసారికి కూడా ఫోర్‌సైట్ ఆ చుక్క మీదే నిలిచిందా? నిలిస్తే కొనండి. నిలవకపోతే ఎంత ముద్దుగా ఉన్నా కొనొద్దు. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డబ్బు మీది, ప్రాణం మీది.

ఇంకో మాట. పాయింట్ 32 అన్న పేరుతో రెండు రకాల తూటాలున్నాయి. రివాల్వర్‌ది పొడుగు, అడుగున అంచు బయటికి ఉంటుంది. పిస్టల్‌ది పొట్టి. ఆ పిస్టల్ తూటా రివాల్వర్ సిలిండర్‌లో దూరుతుంది. దూరింది కదా అని పేల్చొద్దు. దాని ఒత్తిడి ఎక్కువ. మీ రివాల్వర్ దానికోసం చేసింది కాదు. డబ్బా మీద రాసింది చదివి, లైసెన్సుతో సరిపోల్చి కొనండి.

మోయడం గురించి చెప్పాలి. అయితే దానికంటే ముందు ఆదోని వ్యాపారి సంగతి చెప్పి తీరాలి. అది చెప్పకుండా ఎక్కడా కూర్చోలేదు నేను.

ఎన్నికల ముందు ఆయుధాలు డిపాజిట్ చేయించే రోజులు. ఆదోని వైపు పత్తి కమీషన్ వ్యాపారి ఒకాయన తన రివాల్వర్ స్టేషన్‌లో ఇచ్చాడు. తీసుకునేటప్పుడు ఖాళీ చేసి చూపించాలి కదా, సిలిండర్ తిరగదు, తెరిచినా తూటాల్ని పైకి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ లేవదు. లోపల తూటాలున్నాయి. అక్కడివాళ్లు భయపడి, ఆయన్ని వెంటబెట్టుకుని మా ఆర్మరీకి తెచ్చారు. మంచి తోలు ఒర, దాని మీద ఆయన ఇంటిపేరు బంగారు రంగు అక్షరాల్లో. బయటికి తుపాకీ తళతళలాడుతోంది, రోజూ గుడ్డతో తుడిచేవాడట. లాచ్ నొక్కి వంచాను. ఆరు తూటాల అడుగులూ పచ్చగా ఉన్నాయి. ఇత్తడికి చిలుము పట్టి, పొంగి, గొట్టాలు సిలిండర్ గోడలకి అతుక్కుపోయాయి. వేలితో గీకితే పచ్చటి పొడి రాలింది. తోలును పదును చేసేటప్పుడు వాడే ఉప్పులు, ఆమ్లాలు అందులోనే ఉండిపోతాయి. దానికి వానాకాలం తేమ తోడైతే ఇత్తడిని తినేస్తాయి. ఆయన లోడ్ చేసిన తుపాకీని ఏళ్ల తరబడి ఆ ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టేవాడు. బయటికెళ్లేటప్పుడు ఒరతో సహా నడుముకి కట్టుకునేవాడు.

నూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు చెక్క పుల్లతో ఒక్కొక్కటే మెల్లగా నెట్టి తీశాం. మీరెవరూ ఇంట్లో ఆ పని చెయ్యొద్దు, అవి బతికున్న తూటాలు. రేంజ్‌లో పరీక్షిస్తే కొన్ని పేలాయి, కొన్ని టిక్కుమని ఊరుకున్నాయి. ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. అప్పుడన్న మాట నాకింకా గుర్తుంది: "సార్, దీన్ని నమ్ముకునే కదా మార్కెట్ యార్డు నుంచి రాత్రిళ్లు డబ్బు తెచ్చుకున్నాను." కొన్న దగ్గర్నుంచీ ఎన్ని పేల్చారు అని అడిగాను. ఒక్కటీ లేదు. తూటా ఖరీదు, పేలిస్తే లెక్క చెప్పాలి, పేల్చడానికి చోటెక్కడుంది అన్నాడు. మూడూ నిజమే. నేనేం చెప్పగలను? కానీ ఆ రాత్రుల్లో ఎవరైనా అడ్డగించి ఉంటే? ఆయన తుపాకీ తియ్యడం చూసి వాళ్లు ముందు కొట్టేవాళ్లు. ఈయన చేతిలో తిరగని సిలిండర్.

మీలో ఎంతమంది తుపాకీ ఇప్పుడు తోలు ఒరలో ఉంది? చెయ్యెత్తండి. సిగ్గుపడకండి. అదిగో, సగం మంది పైనే. ఈ రాత్రే తియ్యండి. తుపాకీ మోసేది ఒరలో, దాచేది ఒరలో కాదు. దాచేటప్పుడు ఖాళీ చేసి, పొడి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, తాళం వేసే ఇనుప పెట్టెలో పెట్టండి. తూటాలు వేరే పెట్టండి. నూనె ఎక్కువైతే అది తూటా అడుగునున్న క్యాప్‌లోకి దిగి దాన్ని చంపేస్తుంది, అది కూడా ప్రమాదమే. చెమట సంగతీ అంతే. మన ఎండలకి, నడుముకి తగిలే వైపునే ముందు తుప్పు వస్తుంది. మీ తుపాకీ రెండు వైపులా తిప్పి చూసుకోండి, నేను చెప్పింది కనిపిస్తుంది.

ఇక మోయడం. లాల్చీ, పంచె కట్టుకుని రివాల్వర్ బొడ్లో దోపుకునే పెద్దలు మన సీమలో ఇప్పటికీ ఉన్నారు. అన్నలారా, మీకు దండం పెట్టి చెప్తున్నాను, మానండి. పంచె ముడి జారితే తుపాకీ నేల మీద పడుతుంది. పాత రివాల్వర్లలో హ్యామర్ కింద తూటా ఉండి, అది హ్యామర్ మీదే పడితే పేలొచ్చు. అందుకే వెనకటివాళ్లు ఆ ఒక్క గది ఖాళీగా ఉంచేవాళ్లు. మీది ఏ రకమో తెలియకపోతే ఆర్మరర్‌ని అడగండి. ప్యాంటు జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వెయ్యొద్దు. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, దాన్ని మోసే గట్టి బెల్టు, పైన చొక్కా. రూలు చెప్పేది కూడా అదే: బహిరంగ స్థలంలో ఆయుధం హోల్‌స్టర్ లాంటిదాంట్లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. హ్యామర్ కొమ్ము చొక్కాకి తగులుకుంటుంది, కాబట్టి తీసేటప్పుడు చొక్కా ఎత్తి తియ్యడం ఖాళీ తుపాకీతో అలవాటు చేసుకోండి.

హ్యాండ్‌బ్యాగ్ అసలు వద్దు. 2014 డిసెంబర్‌లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక సూపర్‌మార్కెట్‌లో, రెండేళ్ల పిల్లవాడు తల్లి బ్యాగ్‌లోంచి తుపాకీ లాగితే అది పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆవిడకి లైసెన్సుంది, తుపాకీ తెలిసిన మనిషే. బ్యాగ్ మాత్రం ట్రాలీలో, పిల్లవాడి పక్కన ఉంది. అమ్మా, బ్యాగ్ కుర్చీకి తగిలిస్తాం, కారు సీట్లో వదిలేస్తాం, పిల్లలు చాక్లెట్ కోసం చెయ్యి పెడతారు. దొంగ లాక్కునేది కూడా ముందు దాన్నే.

చట్టం గురించి తొందరగా చెప్పేస్తాను, మధ్యాహ్నం న్యాయవాది గారు వివరంగా చెప్తారు. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణతో ఒక్కొక్కరికి రెండు ఆయుధాలే, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. అవసరానికి మించి హాని చెయ్యకూడదన్నది అందులో ఉంది. పారిపోయేవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకీ కొడుక్కి దానంతటదే రాదు, డిపాజిట్ చెయ్యాలి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి. దుఃఖంలో ఉన్న ఇంటి మీద కేసు పడటం నేను చూశాను.

పిల్లలున్న ఇళ్లవాళ్లు, డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు తుపాకీ కొనే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించండి. కొన్నిళ్లకి నేను వద్దనే చెప్తాను. ముఖం మీదే చెప్తాను.

చివరిగా, వేదిక మీదున్న అధికారులకి నాదొక విన్నపం. ఆదోని వ్యాపారి అడిగిన ప్రశ్నకి మన జిల్లాలో ఇప్పటికీ జవాబు లేదు. పేల్చడానికి చోటెక్కడుంది? లైసెన్సు ఇస్తున్నాం, తూటాలు కొనుక్కోమంటున్నాం, సాధన చెయ్యడానికి చోటు చూపించడం లేదు. మన పోలీసు రేంజ్ నెలలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. మూడు నెలలకొక ఆదివారం, రుసుము తీసుకునే, లైసెన్సుదారులకి తెరవండి. నాలాంటి రిటైరైన ఆర్మరర్లు ఊరికే ఉన్నారు, పిలిస్తే వస్తాం, జీతం అడగం. అలాగే ఎన్నికలప్పుడు డిపాజిట్ తీసుకున్న ఆయుధాల్ని గోనెసంచుల్లో చుట్టి ట్రంకు పెట్టెల్లో పడెయ్యకుండా, తీసుకునేటప్పుడే ఖాళీ చేసి, నూనె రాసి, తిరిగిచ్చేటప్పుడు యజమాని ముందే తెరిచి చూపించమని ఆదేశాలివ్వండి. ఈ రెండూ రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. మీరు కూడా భోజనానికి వెళ్లే ముందు దాని మీద సంతకాలు పెట్టండి. కాగితం బయట బల్ల మీద ఉంది, పెన్ను కూడా పెట్టాను.