పత్తి ఏరే నెలల్లో పిల్లల బరువు ఎందుకు పెరగదు?

అధ్యాపకులకు, చదువు ముగించుకుని ఉద్యోగాల వైపు చూస్తున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పోషకాహార శాస్త్రం చదివినవారు హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాలా, మన వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో ప్రజారోగ్య రంగంలోకి రావాలా అన్న సందేహం మీలో చాలామందికి ఉంది. జీతం సంగతి దాచను. ఇక్కడ చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంటాయి, బడ్జెట్ ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. అయినా ఇందులో మనసు ఎక్కడ నిలుస్తుందో చెప్పాలని వచ్చాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు, 21.7 శాతం మందికి ఎత్తుకు తగిన బరువు లేదు. ఈ అంకెలను పరీక్షలో రాయడం తేలిక. వాటి వెనక ఉన్న కారణాన్ని ఒక ఇంట్లో వెతికి పట్టుకోవడంలోనే ఈ వృత్తి రుచి తెలుస్తుంది.

అంగన్‌వాడీలో ఏడాదిన్నర పాప పెరుగుదల చార్టు తీసి చూడండి. ఆ వయసులో నెలకు అటుఇటుగా 200 గ్రాములు పెరగాలి. వానాకాలమంతా గీత పైకే పోయి, దసరా దాటాక అడ్డంగా సాగుతుంది. జ్వరం లేదు, విరేచనాలు లేవు, అంగన్‌వాడీ నుంచి చిన్నపిల్లలకిచ్చే పోషక పిండి, బాలామృతం ప్యాకెట్ నెలనెలా అందుతూనే ఉంది. మరి లోపం ఎక్కడ? అది పత్తి ఏరే కాలం. తల్లి తెల్లారగానే కూలీల ఆటో ఎక్కి, పొద్దుగూకాక తిరిగి వస్తుంది. బాలామృతాన్ని అన్నాఅక్కలు కూడా పంచుకుంటారు. నానమ్మ రెండు పూటలు పల్చటి చారన్నం పెడుతుంది. చిన్న కడుపు దానితోనే నిండిపోతుంది గాని శక్తి చాలదు. ఆ వయసు పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు గట్టి ఆహారం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి కావాలి.

తల్లుల సమావేశంలో మనం చెప్పేదంతా ఆ తల్లికి ముందే తెలుసు, కాకపోతే పగలు ఆమె ఇంట్లో ఉండదు. అందుకే నానమ్మ దగ్గరికి వెళ్లి అరుగు మీద కూర్చోవాలి. "పెద్దమ్మా, పప్పు గట్టిగా మెదిపి ఒక చెంచా నూనె కలుపు" అంటే, "నూనె ఏస్తె దగ్గు లేస్తది బిడ్డా" అంటుంది. అక్కడ చెంచా నూనెలో 45 కిలోక్యాలరీలు ఉంటాయని వాదిస్తే పని జరగదు. బతుకమ్మకు నువ్వులు, పల్లీలు వేయించి బెల్లంతో దంచిన సత్తుపిండి ఆ ఇంట్లో కొత్త కాదు. దాన్నే మెత్తగా చేసి పాపకు తినిపించమంటే ఆమె కాదనదు. తర్వాతి నెల తూకంలో గీత కదిలితే, ఎవరూ మనకు దండ వేయరు గాని, కారణం సరిగానే పట్టుకున్నామని మనకు తెలుస్తుంది. నా మటుకు నాకు అది చాలా పెద్ద జీతం.

అదే కారణం పది ఇళ్లలో కనిపిస్తే అది సెక్టార్ సమావేశంలో, అంటే చుట్టుపక్కల కొన్ని అంగన్‌వాడీలు కలిసే సమావేశంలో, చర్చించవలసిన విషయమవుతుంది. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్య లక్ష్మి పథకంలో గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి మధ్యాహ్నం పప్పు, కూరలతో అన్నం, గుడ్డు, పాలు తీసుకోవాలి. చేనులో ఉన్న మనిషి ఆ వేళకు ఎలా వస్తుంది? ఈ ప్రశ్నను ఊరి పేర్లతో, తూకాలతో సహా పై అధికారి ముందు పెట్టగలగడం కూడా మన వృత్తే. ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీ వివరాల యాప్ నింపడంతోనే పూట గడిచిపోయే రోజులుంటాయి. అది అవసరమే, కానీ దాన్నే ఉద్యోగం అనుకున్నవారు రెండేళ్లలో విసిగిపోవడం చూశాను.

చేతిపని కూడా కచ్చితంగా రావాలి. దండచుట్టు కొలతలో, అంటే భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలతలో, 11.5 సెంటీమీటర్లకు ఒక్క గీత తగ్గినా ఆ బిడ్డది తీవ్ర పోషణ లోపం. టేపు బిగించి పట్టినా, వదులుగా పట్టినా లెక్క తారుమారవుతుంది. దీన్ని మీ పుస్తకాలకన్నా అనుభవమున్న అంగన్‌వాడీ టీచరే బాగా నేర్పుతుంది. ఇంకా పైచదువు కావాలనుకునేవారికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది.

ఉద్యోగంలో చేరగానే మీ సెక్టార్‌లో కూలి పనులు ఏయే నెలల్లో ముమ్మరంగా ఉంటాయో రాసుకోండి. దసరా తర్వాత పత్తి, ఎండలు మొదలయ్యేటప్పుడు మిర్చి ఏరడం, అడవి పక్క ఊళ్లలో ఎండాకాలంలో తునికాకు. ఆ కాగితాన్ని గోడ మీద పెరుగుదల చార్టుల పక్కనే అంటించండి, టీచర్‌తో కలిసి రెండింటినీ నెలనెలా పోల్చి చూడండి.